మామ పక్కనుండే మనిషి ఎవరో దవాఖానకు తెలియాలి

తమ్ముడూ, నీ ప్రశ్న చదివాను. నల్గొండలో ఉండే మీ మేనమామకు 66 ఏళ్లు. షుగర్, బీపీ ఉన్నాయి, రెండేళ్ల కింద గుండెకు స్టెంట్ వేశారు. ఆయనా, ఆయన దోస్తూ పాతికేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నారు. ఇద్దరూ జంట అని మీ ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. మొన్న ఛాతీలో నొప్పి వస్తే ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకుపోయారు. అక్కడ 'రక్తసంబంధీకులు ఎవరు?' అని అడిగి దోస్తును ఐసీయూ బయటే ఆపేశారు. దేవరకొండ నుంచి నువ్వు పోయేదాకా ఆయనకు ఒక్క మాట చెప్పలేదు. ఇంటికొచ్చాక మామ మళ్లీ చూపించుకోనంటున్నాడు, గోలీలు సరిగా వేసుకోవట్లేదు, ఎవరితోనూ మాట్లాడట్లేదు. చివర్లో ఇంకో సంగతి కూడా రాశావు. వాళ్లింటికి వచ్చిపోయే ఒక హిజ్రా అమ్మ, మర్రిగూడ దిక్కు మనిషి, అరవై దాటినామె, నడుమూ మోకాళ్లూ పట్టేసి నడవలేకపోతోందని.

నేను ఉమ్మడి నల్గొండ, పాలమూరు జిల్లాల ప్రభుత్వ దవాఖానల్లో చాలా ఏళ్లు కౌన్సెలర్‌గా పనిచేశాను. మందు మార్చడం, డోసు పెంచడం డాక్టర్ల పని, దాని జోలికి నేను పోను. కానీ మీ మామ లాంటి పెద్దవాళ్లను, వాళ్ల పక్కన నిలబడ్డవాళ్లను చాలామందిని దగ్గర నుంచి చూశాను. నాకు గట్టిగా అనిపించేది ఇది: వీళ్ల ఆరోగ్యం బాగుండాలంటే నిజం రెండు చోట్ల తెలిస్తే చాలు. ఒంటి సంగతి మందు రాసే డాక్టరుకు తెలియాలి. పక్కనుండే మనిషి సంగతి కాయిదాల మీద ఉండాలి. ఊరికి తెలియాల్సిన పని లేదు. మీ మామను 'అందరికీ చెప్పేయ్, ధైర్యంగా ఉండు' అని ఎవరూ తొందరపెట్టొద్దు. అది ఆయన ఇష్టం.

ఆయన పోనంటున్నాడంటే మొండితనమని అనుకోకు. ఆయన వయసు వెనక్కి లెక్కపెట్టి చూడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ స్వలింగ ఆకర్షణను రోగాల జాబితాలోంచి తీసేసింది 1990 మే 17న. అప్పటికే ఆయనకు ముప్ఫై దాటాయి. అంతకుముందు దాన్ని జబ్బని చెప్పి, మాన్పిస్తామని కరెంటు షాకులు పెట్టిన డాక్టర్లు మన దేశంలోనే ఉన్నారు. 377 సెక్షన్ కింద ఇది నేరం కాదని సుప్రీంకోర్టు చెప్పింది 2018 సెప్టెంబరు 6న. అంటే ఉద్యోగం చేసిన కాలంలో, ఇల్లు కట్టుకున్న కాలంలో చాలావరకు ఆయన చట్టం కంట్లో నేరస్థుడిగానే బతికాడు. అలా బతికిన మనిషికి దవాఖాన అంటే ప్రశ్నలు అడిగే చోటు. ఇన్నాళ్లూ దాచుకున్నది మొన్న ఐసీయూ గుమ్మం దగ్గర పదిమంది ముందు బయటపడ్డట్టు ఆయనకు అనిపించి ఉంటుంది. అమెరికాలో 50 దాటిన ఇట్లాంటి పెద్దవాళ్లు రెండున్నర వేలమందితో చేసి 2011లో ప్రచురించిన ఒక పెద్ద అధ్యయనంలో కూడా ఐదుగురిలో ఒకరు తమ సంగతి డాక్టరుకు చెప్పలేదని తేలింది. అంత స్వేచ్ఛ ఉందనుకునే చోటే అట్లుంటే మన దగ్గర ఎట్లుంటుందో చూడు.

ముందు ఇవాళ్టి ప్రమాదం సంగతి. స్టెంట్ ఉన్న మనిషి రక్తం పలచగా ఉంచే గోలీలు తనంతట తాను ఆపితే స్టెంట్‌లో గడ్డ కట్టవచ్చు. అది ప్రాణాంతకం. మిగతావన్నీ వారం ఆగినా ఫర్వాలేదు కానీ ఇది ఆగదు. మామ ఆ ఆసుపత్రికి పోనంటే పోవద్దు, ఇంకో గుండె డాక్టరు దగ్గరికి పోండి. పోయేముందు నువ్వే ఫోన్ చేసి 'మా మామతో పాటు ఆయన ఇంటిమనిషి వస్తాడు, ఇద్దరినీ కలిపి లోపలికి పిలవండి' అని చెప్పు. వివరాలు అక్కర్లేదు. నల్గొండలో పది మొహాలు తెలిసినవి ఎదురవుతాయని ఆయన భయమైతే హైదరాబాద్ పోవచ్చు, రైల్లో పోతే బీబీనగర్ ఎయిమ్స్ దారిలోనే ఉంది.

మాట్లాడకపోవడం గురించి. గుండె దెబ్బ తిన్నాక చాలామందికి కుంగుబాటు వస్తుంది, దానికి మందు ఉంది, మాటసాయం ఉంది. కానీ అంతా మనసుదే అనుకొని వదిలెయ్యకండి. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బి12 తగ్గుతుంది. కాళ్లు తిమ్మిర్లు, మతిమరుపు, నీరసం దాని లక్షణాలే. థైరాయిడ్ తగ్గినా మనిషి ఇట్లనే మందగిస్తాడు. ఈ రెండు రక్తపరీక్షలూ రాయమని అడగండి. మనసు డాక్టరు దగ్గరికి పోవడానికి మామ ఒప్పుకోకపోతే 14416కు ఫోన్ చేయించు. అది ప్రభుత్వ టెలి మానస్ లైను, డబ్బు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడతారు, మొహం చూపించాల్సిన పని లేదు. పెద్దవాళ్లకు ఆ చూపించకపోవడమే తేలిక. 'ఇంక చాలు', 'నేను పోతే అందరికీ సుఖం' లాంటి మాటలు వస్తే మాత్రం అదే రోజు డాక్టరుకు చూపించాలి, ఒంటరిగా వదలొద్దు. 'నిన్ను మారుస్తా' అనే డాక్టరో, బాబానో తగిలితే లేచి వచ్చేయండి. అట్లా మార్చే చికిత్స చేయడం వృత్తి దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది.

ఇంకో రెండు మాటలు మొహమాటం లేకుండా రాస్తున్నా. ఈ వయసులో కూడా వాళ్లు భార్యాభర్తల లాగే ఉంటారు, డాక్టర్లు అది అడగరు, వీళ్లు చెప్పరు. గుండెకు సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ మందులు వాడే మనిషి పటుత్వం కోసం వయాగ్రా రకం గోలీ వేసుకుంటే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం పోవచ్చు. మందుల షాపులో చీటీ లేకుండా కొనుక్కునే గోలీ అది. దోస్తును పక్కకు పిలిచి నువ్వే చెప్పు, లేదా ఈ పేరా చూపించు. రెండోది, హెచ్‌ఐవీ పరీక్ష. అరవై దాటినవాళ్లకు ఈ పరీక్ష రాయాలని ఎవరికీ తట్టదు, అందుకే పెద్దవాళ్లలో ఆలస్యంగా బయటపడుతుంది. మీ మామ మీద అనుమానంతో అనట్లేదు, ఒక్కసారి చేయించుకుంటే ఆ భయం తీరిపోతుంది. జిల్లా దవాఖానలోని ఐసీటీసీలో, అంటే సలహా ఇచ్చి ఈ పరీక్ష చేసే కేంద్రంలో, ఉచితం, వివరాలు 1097 హెల్ప్‌లైన్‌లో చెబుతారు. మనిషి ఒప్పుకుంటేనే పరీక్ష చేయాలి, ఫలితం బయటపెట్టకూడదు. ఇది 2017 హెచ్‌ఐవీ చట్టంలో ఉంది. ఇప్పటికే ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ మందులు) వాడుతున్న పెద్దవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే: డోలుటెగ్రావిర్ ఉన్న గోలీ వాడేవాళ్లకు మెట్‌ఫార్మిన్ డోసు హద్దులో ఉండాలి, కాల్షియం, ఐరన్ గోలీలు దానితో కలిపి మింగకూడదు. షుగర్ డాక్టరుకు ఏఆర్‌టీ సంగతి దాచిపెడితే ఇవి ఎవరూ చూడరు. డాక్టరుకు నిజం తెలియాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఇక కాయిదాలు. ఇది నిదానంగా చదువు, మీ మామ రోగం సగం ఇక్కడే ఉంది.

స్పృహలో ఉన్న పెద్దమనిషి చికిత్సకు ఒప్పుకోవాల్సింది తనే. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే గట్టిగా చెప్పింది. రక్తసంబంధీకుల సంతకం అన్నది చాలాచోట్ల ఆసుపత్రుల అలవాటు. కాబట్టి మామ తన చేత్తో తెల్లకాయిదం మీద రాయాలి: నా ఆరోగ్యం సంగతులు ఫలానా ఆయనకు చెప్పండి, నాకు స్పృహ లేకపోతే ముందు ఆయన్ని పిలవండి, తర్వాత మా మేనల్లుణ్ని. కింద తేదీ, సంతకం, ఇద్దరి ఫోన్ నంబర్లు. ఆసుపత్రిలో చేరిన ప్రతిసారీ ఒక కాపీ కేస్ షీట్‌లో పెట్టించాలి. దాన్ని చూసి ప్రతి ఆసుపత్రీ తలుపు తీస్తుందని నేను మాట ఇవ్వలేను. కానీ రోగి స్వయంగా రాసి సంతకం పెట్టినదాన్ని పక్కన పడేయడానికి డ్యూటీ డాక్టరు వెనకాడతాడు. అంతకన్నా బలమైంది నీ నోటి మాట. నువ్వు కౌంటర్ దగ్గర నిలబడి 'నేను మేనల్లుణ్ని, మీరు ఆయన్ని అడగండి, ఆయన చెప్పిందే మా ఇంటి మాట' అను. రక్తసంబంధీకుడు అట్లా అన్నాక మళ్లీ అడ్డుపడిన నర్సును నేను చూడలేదు.

దీనికన్నా గట్టిది ముందస్తు వైద్య నిర్దేశం, లివింగ్ విల్ అంటారే అది. 2018 మార్చిలో సుప్రీంకోర్టు ఒప్పుకుంది, 2023 జనవరిలో పద్ధతి తేలిక చేసింది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి నోటరీ దగ్గరో, గెజిటెడ్ అధికారి దగ్గరో ధృవీకరించుకుంటే చాలు. ఇంక కోలుకోలేని స్థితి వస్తే ఏ చికిత్స వద్దో, తన తరఫున ఎవరు మాట్లాడాలో అందులో పేర్లతో రాయొచ్చు. మానసిక చికిత్స విషయానికి వస్తే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇంకా సులువు చేసింది. తెల్లకాయిదం మీద సంతకంతో ఎవరినైనా నామినేటెడ్ ప్రతినిధిగా పెట్టుకోవచ్చు, చుట్టమై ఉండాల్సిన పని లేదు. లైంగికతను బట్టి వివక్ష చూపకూడదని కూడా ఆ చట్టంలోనే రాసి ఉంది.

చాలామంది చేసే పని ఒకటుంది, జీపీఏ, అంటే తన తరఫున పనులు చూసే అధికార పత్రం, రాసిపెట్టి అంతా అయిపోయిందనుకోవడం. మామూలు జీపీఏ మనిషికి మతి ఉన్నంతవరకే పనిచేస్తుంది. పక్షవాతం వచ్చి తెలివి తప్పినా, మనిషి పోయినా అది చెల్లదు. సరిగ్గా అవసరం పడే వేళకే పనికిరాదన్నమాట.

బ్యాంకు సంగతి కొంచెం నయం. ఇద్దరు కలిసి జాయింట్ ఖాతా తెరవడానికీ, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికీ ఎల్‌జీబీటీ వ్యక్తులకు ఏ అడ్డూ లేదని కేంద్ర ఆర్థిక సేవల విభాగం 2024 ఆగస్టు 28న తేల్చి చెప్పింది. ఇట్లాంటి జంటలను రేషన్ కార్డు కోసం ఒకే ఇంటివాళ్లుగా చూడాలని కూడా అప్పట్లోనే రాష్ట్రాలకు రాశారు. అయితే నామినీ డబ్బు చేతికి తీసుకునేవాడే, వారసుడు కాడు. కాబట్టి వీలునామా తప్పదు.

ఇక్కడ నీతో సూటిగా మాట్లాడాలి తమ్ముడూ. 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత వాళ్ల బంధానికి పెళ్లి హోదా లేదని తేలిపోయింది. వీలునామా లేకుండా మామ పోతే, పెళ్లి కాని మనిషి కాబట్టి, ఆస్తి తల్లీ తండ్రీ లేకుంటే తోబుట్టువుల దిక్కు పోతుంది. అంటే మీ అమ్మకు రావచ్చు, రేపు నీకూ రావచ్చు. పాతికేళ్లు ఆ ఇంట్లో వంట చేసి, రాత్రిళ్లు గోలీలు ఇచ్చిన మనిషికి చట్టప్రకారం ఒక్క ఇటుక కూడా రాదు. అందుకే ఆ మాట ఎత్తాల్సింది నువ్వే. దోస్తు ఎత్తితే ఆస్తి కోసమనుకుంటారు, మామ ఎత్తలేడు. ఇల్లు పూర్తిగా దోస్తుకు రాయాలా, బతికున్నంతకాలం ఉండే హక్కు ఇచ్చి తర్వాత కుటుంబానికి చేరేలా రాయాలా అన్నది వాళ్లిష్టం. వీలునామాకు స్టాంపు కాయిదం అక్కర్లేదు, ఆస్తి రానటువంటి ఇద్దరు సాక్షులు కావాలి, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేయించండి, మనిషి తెలివితో ఉన్నాడని డాక్టరు చీటీ కూడా జత చేయండి. ఆ వీలునామాలో నీ పేర ఏమీ రాకపోతే ఒక సాక్షి సంతకం నువ్వే పెట్టు. మేనల్లుడి సంతకం చూశాక రేపు కోర్టుకెక్కాలనుకునేవాడు రెండుసార్లు ఆలోచిస్తాడు.

బతికుండగానే ఇల్లు గిఫ్టుగా రాసేయమని ఎవరు చెప్పినా వద్దను, చుట్టమైనా దోస్తయినా. ఒకవేళ రాసినా 'నన్ను చూసుకోవాలి' అన్న షరతు ఆ దస్తావేజులోనే ఉండాలి. అట్లుంటేనే 2007 వయోవృద్ధుల చట్టం 23వ సెక్షన్ కింద వెనక్కి తెచ్చుకోగలడు. పిల్లలు లేని పెద్దవాళ్లు తమ ఆస్తికి వారసులయ్యే చుట్టాల నుంచి పోషణ ఖర్చు అడగొచ్చని కూడా అదే చట్టం చెబుతోంది. ఆర్డీఓ దగ్గర ట్రిబ్యునల్ ఉంటుంది. దారి కోసం పెద్దల హెల్ప్‌లైన్ 14567.

ఇప్పుడు ఆ హిజ్రా అమ్మ. ఆమె నొప్పుల గురించి నాకు ఎక్కువ దిగులుగా ఉంది. మర్రిగూడ అన్నావు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు ఊళ్లలో మిషన్ భగీరథ తాగునీళ్లు రాకముందు పెరిగిన మనిషికి చిన్నప్పటి నుంచీ ఎముకల్లో బావి, బోరు నీళ్ల ఫ్లోరైడ్ దిగి ఉంటుంది. దానికి తోడు ఆమె వయసులో ఉన్నప్పుడే నిర్వాణం, అంటే పురుషాంగం, వృషణాలు తీసేసే ఆపరేషన్, చేయించుకొని, తర్వాత హార్మోన్లేవీ సరిగా వాడకపోతే, ఎముకను కాపాడే హార్మోను ఏదీ ఒంట్లో లేకుండా దశాబ్దాలు గడిచినట్టు. దానివల్ల ఎముకలు గుల్లబారతాయి. ఈ రెండూ కలిసిన మనిషిలో చిక్కేమిటంటే, ఫ్లోరైడ్ వల్ల ఎక్స్‌రేలో, ఎముక సాంద్రత పరీక్షలో ఎముక చిక్కగా కనిపిస్తుంది, లోపల మాత్రం పెళుసుగా ఉంటుంది. రిపోర్టు బాగుందని పంపించేస్తారు, బాత్రూంలో జారితే తుంటి విరుగుతుంది. కాబట్టి డాక్టరుకు రెండు సంగతులూ చెప్పాలి, ఏ ఊరి నీళ్లు తాగిందో, ఆపరేషన్ ఎప్పుడైందో. ఒకటి చెప్పి ఒకటి దాస్తే లెక్క తప్పుతుంది.

నొప్పులకని షాపులో డైక్లోఫెనాక్ కొని రోజూ మింగుతుంటే వెంటనే మానిపించు. అది కిడ్నీలను తింటుంది, కిడ్నీ చెడితే ఒంట్లో ఫ్లోరైడ్ బయటికి పోక ఇంకా పేరుకుంటుంది. కాళ్లలో బలం తగ్గడం, స్పర్శ తెలియకపోవడం, మూత్రం ఆగిపోవడం లాంటివి నడుము నొప్పితో కలిసి ఉంటే ఆలస్యం చేయొద్దు, వెన్నుపాము నలుగుతున్నదేమో చూడాలి. మూత్రం సన్నగా రావడానికి ఇంకో కారణం కూడా ఉండొచ్చు. పాత పద్ధతిలో నిర్వాణం అయినవాళ్లకు మూత్రద్వారం కాలక్రమంలో ముడుచుకుపోతుంది. ప్రొస్టేట్ గ్రంథి మాత్రం లోపలే ఉంటుంది, ఆపరేషన్‌తో పోదు. చీటీ మీద 'స్త్రీ' అని ఉందని ఎవరూ దాని గురించి ఆలోచించరు. ఇప్పటికీ పిల్లలు కాకుండా వాడే గోలీలు హార్మోన్ల కోసం మింగుతుంటే, అందులోనూ బీడీ, సిగరెట్ అలవాటుంటే, కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఆ వయసులో చాలా ఎక్కువ. పిక్క వాచి నొప్పి పెడితే, ఆయాసం వస్తే వెంటనే దవాఖానకు.

ఆమె దవాఖానకు ఎందుకు పోదో నేను చెప్పక్కర్లేదు. ఆడవాళ్ల వార్డా, మగవాళ్ల వార్డా అన్న దగ్గరే మొదలవుతుంది. నిజాం కాలంలో 1919లో తెచ్చిన చట్టం ఒకటి హిజ్రాల పేర్లు రిజిస్టరులో పెట్టించేది, ఆడవేషంలో కనిపిస్తే వారంటు లేకుండా అరెస్టు చేయనిచ్చేది. దాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023 జూలైలో. ఆసరా పింఛను ట్రాన్స్‌జెండర్లకు కూడా ఇవ్వాలని ఆ తీర్పులోనే చెప్పింది. ఆధార్‌లో పేరు ఒకటి, ఒంటి మీద బతుకు ఇంకొకటి కావడంతో ఆమె వయసువాళ్లకు పింఛను దాకా పోవడమే కష్టం. కలెక్టర్ ఇచ్చే ట్రాన్స్‌జెండర్ గుర్తింపు పత్రం ఉంటే దారి తేలికవుతుంది, ఏ కాయిదాలు కావాలో జిల్లా సంక్షేమ శాఖ ఆఫీసులో అడుగు. చదువురాని మనిషిని ఒంటరిగా పంపకు, నువ్వు వెంట పో. 2024 డిసెంబరులో 33 జిల్లాలకూ మైత్రి ట్రాన్స్‌జెండర్ క్లినిక్‌లు ప్రారంభించారు. ఏ రోజు ఓపీ ఉంటుందో ముందే ఫోన్ చేసి కనుక్కొని ఆ రోజే తీసుకుపో, వార్డు దగ్గర గొడవ తప్పుతుంది. చేలాలు, అంటే శిష్యులు, ఉంటే వాళ్లలో ఒకరిని కూడా రమ్మను. గురువును ముసలితనంలో చూసుకోవడం వాళ్ల పద్ధతి, ఆమె మందుల సంగతి వాళ్లకు తెలియాలి.

నీ ప్రశ్నలో లేకపోయినా ఒకటి చెప్పి ముందుకు పోతా. ఇట్లనే కలిసి బతుకుతున్న ఆడవాళ్లు పాలమూరు ఊళ్లలోనూ ఉన్నారు, సోపతి అనుకొని ఎవరూ పట్టించుకోరు. పెళ్లి కాలేదు కదా అని వాళ్లకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష వదిలేస్తారు. వదలకూడదు. ముప్ఫై దాటిన ప్రతి ఆడమనిషికీ అది కావాలి, రొమ్ము పరీక్ష కూడా. ఆశా కార్యకర్తను అడిగితే దారి చెబుతుంది.

మామతో మాట ఎట్లా మొదలుపెట్టాలని అడిగావు. పదిమందిలో వద్దు, పండుగ రోజు వద్దు. ఆయనా దోస్తూ ఇద్దరూ ఉన్నప్పుడు పోయి కూర్చో. 'మీరు జంటని నాకు తెలుసు' అని మొదలుపెట్టకు, నలభై ఏళ్లు దాచిన మనిషికి అది దెబ్బలా తగులుతుంది. 'మామా, మొన్న ఆసుపత్రిలో ఆయన్ని బయట నిలబెట్టడం నాకు నచ్చలేదు, మళ్లీ అట్లా కాకుండా ఒక కాయిదం రాసుకుందాం' అను. ఆయనకు అర్థమవుతుంది. ఆ రోజు జవాబు ఇవ్వకపోతే వదిలెయ్, గోలీల డబ్బా మాత్రం దోస్తు చేతికిచ్చి రా.

ఆ దోస్తు గురించి నువ్వు రాసినదాంట్లో ఆయన వయసు లేదు, ఆయనకు ఏ జబ్బు ఉందో లేదు. సేవ చేసే మనిషి సొంత ఒళ్లు చూసుకోడు. మామను గుండె డాక్టరు దగ్గరికి తీసుకుపోయిన రోజే ఆయన బీపీ, షుగర్, కంటిచూపు కూడా పరీక్ష చేయించు. ఆయనకు కూడా అట్లాంటి కాయిదం ఒకటి రాయించు, అందులో ముందు పిలవాల్సిన పేరు మామది, తర్వాతది ఆయన ఒప్పుకుంటే నీది.